ముందు పళ్లకు బాండింగ్: అది ఎక్కడ దెబ్బతింటుంది, ఎలా నిలబెట్టుకోవాలి

ముందు పన్ను మూల విరిగినా, రెండు పళ్ల మధ్య సందున్నా, పన్ను మీద మచ్చలున్నా ఇప్పుడు పళ్ల డాక్టర్లు ముందుగా చెబుతున్నది కాంపోజిట్ బాండింగ్. పంటి రంగులో ఉండే మెత్తటి రెసిన్ ముద్దను పంటికి అతికించి, ఆకారం దిద్ది, నీలి కాంతితో గట్టిపరిచి, నునుపు చేస్తారు. ఒక్కో పంటికి అరగంట నుంచి గంట పడుతుంది. పన్నును అరగదీసేది చాలా తక్కువ, కాబట్టి చాలాసార్లు మత్తు ఇంజెక్షన్ కూడా అక్కర్లేదు.

బాగా చేసిన బాండింగ్ సాధారణంగా 5 నుంచి 7 ఏళ్లు ఉంటుంది. పదేళ్లు దాటినవీ ఉన్నాయి, ఆరు నెలలకే మూల ఎగిరిపోయినవీ ఉన్నాయి. ఊడిపోగానే అందరూ మెటీరియల్‌ను తిడతారు. కానీ పేరున్న కంపెనీ కాంపోజిట్ వాడినప్పుడు తప్పు దానిది కావడం అరుదు. అతికించేటప్పుడు పన్ను నిజంగా పొడిగా ఉందా? నోరు మూసినప్పుడు, దవడ కదిపినప్పుడు కింది పళ్లు దాన్ని ఎక్కడ తాకుతున్నాయి? అంచులు పంటిలో కలిసిపోయాయా, మెట్టులా మిగిలాయా? ఆయుష్షు తేలేది ఈ మూడు చోట్లే. ఇందులో మొదటిది పూర్తిగా డాక్టరు చేతిలో ఉంటుంది. మిగతా రెండూ మీరు కూడా పరీక్షించుకోగలిగినవి.

ఏ పంటికి పనికొస్తుంది, ఏ పంటికి కాదు

కాంపోజిట్ గట్టిగా పట్టుకునేది ఎనామిల్‌ను, అంటే పంటి పైనుండే గట్టి తెల్లటి పొరను. ఎనామిల్‌ను ఫాస్ఫారిక్ యాసిడ్‌తో కొద్దిగా గరుకు చేస్తే రెసిన్ దానికి అతుక్కుంటుందని 1955లో మైకేల్ బ్యూనకోర్ చూపించాడు. ఇప్పటి బాండింగ్ అంతా ఆ పద్ధతి మీదే నడుస్తోంది. ఎనామిల్ కింద ఉండే డెంటిన్‌కు కూడా అతుకుతుంది కానీ, అందులో సన్నని గొట్టాలూ తేమా ఉంటాయి కాబట్టి ఆ పట్టు అంత నమ్మకమైనది కాదు, ఏళ్లు గడిచేకొద్దీ సడలుతుంది. అందుకే విరిగిన మూల చుట్టూ ఎనామిల్ మిగిలి ఉంటే మంచి కేసు. చిగురు జారి వేరు బయటపడిన చోట, అరిగి అరిగి పసుపు డెంటిన్ కనిపిస్తున్న చోట అదే పని సగం కాలం కూడా నిలవకపోవచ్చు.

సందు విషయంలో 2 మిల్లీమీటర్లు ఒక మంచి హద్దు. అటు పంటికి ఒకటి, ఇటు పంటికి ఒకటి చేరిస్తే ఎవరికీ తెలియదు. మూడు నాలుగు మిల్లీమీటర్ల సందును కాంపోజిట్‌తోనే పూడిస్తే రెండు ముందు పళ్లూ పలకల్లా వెడల్పవుతాయి. అలాంటప్పుడు కొన్ని నెలలు క్లిప్పులు వేయించుకుని సందు తగ్గించుకున్నాక మిగిలినదాన్ని బాండింగ్‌తో పూడ్చడం మేలు. ఒక్క పంటికే పదార్థం చేర్చి సందు మూసేస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. ఎడమ కుడి తేడా ఫొటోలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

దెబ్బ తగిలి నల్లబడిన పంటికి పైపైన బాండింగ్ వేస్తే లోపలి నలుపు బూడిద రంగులో తొంగిచూస్తుంది. ముందు ఎక్స్‌రే తీసి, నరం బతికి ఉందో లేదో చూసి, అవసరమైతే రూట్ కెనాల్ చేసి, లోపలి నుంచి బ్లీచింగ్ (మందుతో తెల్లబరచడం) చేయాలి. ఆ తర్వాతే పైపూత సంగతి.

పై పళ్లు కింది పళ్లను బాగా కప్పేసేవారికి, ముందు పళ్లు అంచుకు అంచు తగిలేవారికి, నిద్రలో పళ్లు నూరేవారికి బాండింగ్ చేయకూడదని కాదు. ముందు ఆ సంగతి తేల్చకుండా చేయకూడదు. ఉదయం లేచేసరికి దవడ బిగుసుకుపోవడం, కోరపళ్ల మొనలు చదునుగా అరిగిపోవడం, ఇంట్లోవాళ్లు "రాత్రంతా పళ్లు పటపటలాడించావు" అనడం, ఇవన్నీ పళ్లు నూరే గుర్తులే. వీటిని డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.

పిల్లల మాట వేరు. ఆడుతూ పడి ముందు పన్ను విరగ్గొట్టుకుంటే విరిగిన ముక్క కోసం వెతకండి. దొరికితే పాలలోనో నీళ్లలోనో వేసి, ఎండిపోకుండా పట్టుకెళ్లండి. ముక్క బాగుంటే దాన్నే తిరిగి అతికిస్తారు. ఏ కాంపోజిట్ షేడూ (రంగు ఛాయ) అంత బాగా కలవదు. పదిహేను పదహారేళ్ల లోపు వెనీర్లు (పంటి ముందు అతికించే పల్చటి పెంకులు), క్యాపుల జోలికి పోకుండా బాండింగ్‌తో నెట్టుకురావడమే మంచిది. ఆ వయసులో పంటి లోపలి నరం పెద్దగా ఉంటుంది, చిగురు స్థాయి ఇంకా మారుతుంటుంది.

ఫ్లోరైడ్ మచ్చలున్న పళ్లు

మన దగ్గర దీన్ని విడిగా చెప్పుకోక తప్పదు. భారతదేశంలో ఫ్లోరోసిస్‌ను (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బును) 1937లో తొలిసారి గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. ఆ ప్రాంతం తర్వాత ప్రకాశం జిల్లాలో చేరింది. నల్గొండ సంగతి వేరే చెప్పక్కర్లేదు. అలాంటి నీళ్లు తాగి పెరిగినవారి ముందు పళ్ల మీద సున్నపు తెలుపు మచ్చలు, గోధుమ రంగు చారలు ఉంటాయి. చిన్నతనంలో ఎనామిల్ తయారవుతున్నప్పుడు ఏర్పడినవి కాబట్టి ఎంత తోమినా పోవు, గట్టిగా తోమితే చిగురు అరుగుతుంది.

ఈ పళ్ల పైపొర మామూలు ఎనామిల్ కంటే యాసిడ్‌కు ఎక్కువ తట్టుకుంటుంది. మామూలు పంటికి ఉంచినంతసేపే యాసిడ్ ఉంచితే సరిపడా గరుకుతనం రాదు, బాండింగ్ పెచ్చులుగా లేస్తుంది. ఫ్లోరోసిస్ పళ్లకు చేసిన పని త్వరగా ఊడిపోవడానికి ఇదొక పెద్ద కారణం. పైపొరను బర్‌తో (తిరిగే చిన్న మొనతో) పల్చగా తీసేయడమో, యాసిడ్‌ను ఎక్కువసేపు ఉంచడమో చేయాలి. మీ పళ్లకు ఏది చేయబోతున్నారో అడగండి. ప్రశ్న విని డాక్టరు వివరంగా చెబితే ఆ పని తెలిసినవారే.

అసలు మచ్చలు పైపైనే ఉంటే నేరుగా బాండింగ్‌కు పోవద్దు. తెల్ల మచ్చలకు రెసిన్ ఇన్‌ఫిల్‌ట్రేషన్ (మచ్చలోకి పల్చటి రెసిన్ ఇంకించడం), గోధుమ మచ్చలకు మైక్రోఅబ్రేషన్ (పైపొరను అతి పల్చగా అరగదీయడం), ఆ తర్వాత బ్లీచింగ్ ప్రయత్నించి, మిగిలినవాటికే బాండింగ్ వేయించుకోండి. ముదురు మచ్చను కప్పాలంటే కింద మరుగుపరిచే పూత, పైన పంటి రంగు పొర వేయాలి. పన్నును కొద్దిగా తగ్గించకుండా ఈ రెండూ ఎక్కిస్తే పన్ను ఉబ్బినట్టు కనిపిస్తుంది, పెదవికి తగులుతుంది.

ముందుగా తేల్చుకోవలసినవి

చిగురు నుంచి రక్తం కారుతుంటే ఆ రోజు బాండింగ్ వద్దు. క్లీనింగ్ చేయించి గార తీయించుకుని, ఒకటి రెండు వారాలు సరిగ్గా తోముకుని, చిగురు గులాబీ రంగుకు వచ్చి గట్టిపడ్డాకే వెళ్లండి. పని మధ్యలో ఒక చిన్న రక్తపు చుక్క అంచులోకి దిగినా చాలు, అక్కడ పట్టు ఉండదు, కొన్నాళ్లకు గోధుమ గీత పడుతుంది.

పళ్లు తెల్లబరుచుకోవాలనుకుంటే అది బాండింగ్‌కు ముందే చేయించుకోవాలి. బ్లీచింగ్ జెల్ పంటిని తెల్లబరుస్తుంది కానీ కాంపోజిట్‌ను మార్చలేదు. బాండింగ్ అయ్యాక బ్లీచింగ్ చేయిస్తే చుట్టూ తెల్లటి పళ్లు, మధ్యలో పాత రంగు అతుకు మిగులుతాయి. బ్లీచింగ్ పూర్తయ్యాక కూడా రెండు వారాలు ఆగాలి. పంటిలో మిగిలిన ఆక్సిజన్ రెసిన్‌ను సరిగ్గా గట్టిపడనివ్వదు. పైగా బ్లీచింగ్ అయిన వెంటనే కనిపించే తెలుపు నిలవదు, కాస్త దిగుతుంది.

గుట్కా, ఖైనీ, పాన్, సిగరెట్ అలవాటున్నవారికి ఒక్క మాట: అవి కొనసాగేటట్టయితే ఈ డబ్బు ఖర్చు చేయకండి. ఏడాది తిరక్కుండానే అంచులు నల్లబడతాయి.

కుర్చీలో ఏం జరగాలి

షేడ్ చూడటం మొట్టమొదటి పని. నోరు తెరిచి కాసేపు ఉంచితే పన్ను ఎండి, ఉన్నదానికంటే తెల్లగా కనిపిస్తుంది. అప్పుడు షేడ్ ఎంచుకుంటే అది తప్పే. పగటి వెలుతురులో, లిప్‌స్టిక్ తుడిచేసి చూడాలి. షేడ్ కార్డు ఒక్కటే చాలదు. జాగ్రత్తగా పని చేసే డాక్టర్లు చిన్న కాంపోజిట్ ఉండను యాసిడ్, బాండు (అతికించే ద్రవం) లేకుండా పంటి మీద పెట్టి, లైటు కొట్టి చూస్తారు. గట్టిపడ్డాక రంగు కాస్త మారుతుంది కాబట్టి, ఆ మారిన రంగే సరిపోవాలి.

తర్వాత పొడిగా ఉంచే ఏర్పాటు. రబ్బర్ డ్యామ్ అనే పల్చటి రబ్బరు తెర వేసి, పని చేసే పళ్లను మాత్రమే బయటికి తీస్తారు. కాస్త ఉక్కిరిబిక్కిరిగా అనిపించినా వేస్తామంటే వద్దనకండి. ఉమ్మి ఒక్కటే కాదు, ఊపిరిలోని ఆవిరి కూడా బాండింగ్‌కు శత్రువే. డ్యామ్ కుదరని చోట దూది, సక్షన్, చిగురు కింద సన్నటి దారం వాడతారు. జాగ్రత్తగా చేస్తే అదీ సరే. యాసిడ్ కడిగిన తర్వాత ఆ పన్నును నాలుకతో తడిమారా, మళ్లీ యాసిడ్ పెట్టాల్సిందే. తడిమినట్టు తెలిస్తే చేయి పైకెత్తి చెప్పండి.

విరిగిన అంచు దగ్గర ఎనామిల్‌ను 1 నుంచి 2 మిల్లీమీటర్ల మేర ఏటవాలుగా చెక్కుతారు. అతుకు గీత కనిపించకుండా ఉండటానికీ, పట్టు పెరగడానికీ ఇది అవసరం. పక్క పళ్లకు టెఫ్లాన్ టేప్ చుట్టి, 35 నుంచి 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ జెల్ పెడతారు. ఎనామిల్ మీద 15 నుంచి 30 సెకన్లు, డెంటిన్ మీద 15 సెకన్లకు మించకూడదు. బాగా కడిగి ఆరబెడితే ఎనామిల్ మంచు పట్టిన గాజులా మసకబారాలి. అలా మసకబారకపోతే మళ్లీ పెట్టాలి. డెంటిన్‌ను మాత్రం పూర్తిగా ఎండబెట్టకూడదు. ఎండితే పట్టూ తగ్గుతుంది, తర్వాత జివ్వుమని లాగుతుంది కూడా.

బాండు ద్రవాన్ని కొద్దిగా రాసి వదిలేయడం తరచుగా జరిగే తప్పు. దాన్ని దాదాపు 20 సెకన్లు రుద్దాలి, ఆ తర్వాత గాలి ఊది అందులోని ద్రావకాన్ని పోగొట్టాలి. గాలి ఊదినప్పుడు ద్రవం అలలుగా కదలడం ఆగేదాకా ఊదుతూనే ఉండాలి. అప్పుడే 10 నుంచి 20 సెకన్లు లైటు కొట్టాలి. ద్రావకం మిగిలిపోతే ఆ పొర సరిగ్గా గట్టిపడదు. బయటికి పన్ను అందంగానే ఉంటుంది, కొన్ని నెలల తర్వాత ఏదో ఒక రోజు దోసె తింటుండగా చేతిలోకి వస్తుంది.

కాంపోజిట్‌ను ఒకే ముద్దగా కాకుండా 2 మిల్లీమీటర్ల లోపు పొరలుగా వేస్తారు. పొర పొరకూ దాదాపు 20 సెకన్లు లైటు కొడతారు. అంతకంటే మందమైతే వెలుతురు అడుగుదాకా దిగదు. దూరం నుంచి లైటు కొట్టినా, లైటు పాతబడి బలం తగ్గినా అంతే. ఫిల్‌టెక్, టెట్రిక్ ఎన్-సెరామ్, ఎస్తెలైట్ వంటి రకాల్లో ఏది వాడినా ఈ నియమం మారదు. సులభంగా పరుచుకునే ఫ్లోయబుల్ రకాన్ని కింద పల్చటి పొరగా వాడితే తప్పులేదు, కానీ పంటి అంచు మొత్తం దానితోనే కట్టడం బలహీనమైన పని. లైటు వెలుగుతున్నప్పుడు అటు చూడకండి, కళ్లకు మంచిది కాదు.

గాలి తగిలే పైపొర కాస్త జిగటగా మిగిలిపోతుంది. రంగులను ముందుగా పీల్చేది ఆ పొరే. దాని మీద గ్లిజరిన్ జెల్ రాసి చివరిసారి లైటు కొట్టి, ఆపైన పాలిష్‌లో మిగిలినది తీసేస్తారు. ముతక డిస్క్ నుంచి మొదలుపెట్టి సన్నని డిస్క్‌లు, రబ్బరు కప్పులు, చివర పేస్టు. పని మొత్తంలో అందరూ తొందరపడేది ఇక్కడే. తర్వాతి పేషెంట్ బయట కూర్చుని ఉంటాడు, పన్ను ఎలాగూ బాగానే కనిపిస్తోంది కదా! కానీ గరుకుగా మిగిలిన కాంపోజిట్ మీద టీ రంగు వారాల్లో పడుతుంది.

లేచేముందు నాలుగు పరీక్షలు

పళ్లు తగిలిన చోట రంగు అంటించే ఎరుపు లేదా నీలం కాగితం పెట్టి కొరకమంటారు. ఊరికే నోరు మూసి తెరవడంతో సరిపెట్టవద్దు. కింది దవడను ముందుకు తోసి, తర్వాత ఎడమకూ కుడికీ జరిపి చూపించమనండి. ముందు పంటి బాండింగ్ ఎక్కువగా విరిగేది ఆ కదలికలోనే. కొత్త మూల మీద ముదురు చుక్క పడితే అక్కడ కొద్దిగా తగ్గించాలి. ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే మీకు సరిగ్గా తెలియదు. ఒకటి రెండు రోజుల తర్వాత ఆ పన్ను "ముందే తగులుతోంది" అనిపిస్తే, అలవాటవుతుందిలే అని ఊరుకోకుండా వెళ్లి తగ్గించుకోండి.

ఫ్లాస్ దారం పళ్ల మధ్య నుంచి దించి తీయండి. దారం పోగులు లేచినా, తెగినా అంచు మెట్టులా మిగిలిందని అర్థం. నాలుకతో వెనకవైపు తడిమి చూడండి, గీరుకోకూడదు. అద్దంలో చిగురు అంచు చూడండి, కాంపోజిట్ చిగురును నొక్కుతూ ఉండకూడదు. రంగు గురించి మాత్రం అప్పుడే తీర్పు చెప్పకండి. పక్క పళ్లు ఎండి తెల్లబడి ఉంటాయి కాబట్టి కొత్త భాగం కాస్త ముదురుగా కనిపిస్తుంది. ఒకటి రెండు రోజుల్లో అవి తేమ పట్టి కలిసిపోతాయి. అప్పటికీ తేడా ఉంటేనే అడగండి.

మొదటి 48 గంటలు

లైటుతో కాంపోజిట్ చాలావరకు గట్టిపడినా, మిగతాది ఇంకో రోజంతా నెమ్మదిగా సాగుతుంది. నీటిని, రంగును ఎక్కువగా పీల్చుకునేదీ ఈ సమయంలోనే. మన వంటింట్లో అన్నిటికంటే గట్టి రంగు పసుపు. ఆవకాయ, పులిహోర, పప్పు, చారు, మసాలా కూరలు, టీ, కాఫీ, కోలాలు, నేరేడు, దానిమ్మ ఈ రెండు రోజులూ పక్కన పెట్టండి. ఇడ్లీ, పసుపు వేయని కొబ్బరి చట్నీ, పెరుగన్నం, తెల్ల ఉప్మా, పాలు, అరటిపండు చాలు. నీళ్లు తాగడానికి, తోముకోవడానికి ఏ అడ్డూ లేదు.

ఆ తర్వాత రోజూ

పసుపు, కాఫీ జీవితాంతం మానేయక్కర్లేదు. తిన్న వెంటనే నీళ్లతో పుక్కిలిస్తే చాలావరకు సరిపోతుంది. రోజుకు ఆరుసార్లు కొద్దికొద్దిగా టీ తాగడం కంటే రెండుసార్లు తాగడం నయం.

మెత్తటి బ్రష్, మామూలు ఫ్లోరైడ్ పేస్టు వాడండి. పళ్లపొడి, బొగ్గు, ఉప్పు, "వైటెనింగ్" అని రాసిన గరుకు పేస్టులు కాంపోజిట్ మెరుపును గీకేస్తాయి. మెరుపు పోయిన చోట మరక పడుతుంది, మరక పడిందని ఇంకా గట్టిగా తోముతారు, అలా అది పెరుగుతూ పోతుంది. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ రోజూ వాడకండి. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ చిగురు వాపుకు మంచి మందే కానీ గోధుమ మరక పడేస్తుంది. డాక్టరు చెప్పిన రోజుల వరకే వాడండి.

ముందు పళ్లతో చేయకూడని పనులు ఒక పట్టాన తెమిలేవి కావు: సోడా మూత తీయడం, షాంపూ ప్యాకెట్ చింపడం, కుట్టుదారం తెంపడం, పిన్నులు పట్టుకోవడం, గోళ్లు కొరకడం, చెరకు చీల్చడం, వేపపుల్ల కొరికి లాగడం, ఐస్ ముక్క పగలగొట్టడం. చెగోడీ, జంతికలు, కచ్చా జామకాయ, మొక్కజొన్న కంకి, మాంసపు ఎముక నేరుగా ముందు పళ్లతో కొరకకుండా తుంచి, కోసి, గింజలు ఒలిచి వెనక పళ్లతో నమలండి. కాంపోజిట్ నొక్కుడును బాగానే తట్టుకుంటుంది, మెలిపెట్టి లాగితే మాత్రం విరుగుతుంది. అందుకే చెరకు అన్నిటికంటే ప్రమాదకరమైనది. పళ్లు నూరే అలవాటుంటే రాత్రి నైట్ గార్డ్ (పళ్లకు తొడిగే రక్షణ తొడుగు) తప్పదు. బాండింగ్ అయ్యాకే దాని కొలత తీయించాలి, పాతది కొత్త ఆకారానికి సరిపోదు.

ఆరు నెలలకోసారి

చెకప్‌కు వెళ్లినప్పుడు "ఈ పళ్లకు బాండింగ్ ఉంది" అని ముందే చెప్పండి. గార తీసే అల్ట్రాసోనిక్ మొన కాంపోజిట్ అంచును గీకగలదు, పెచ్చు లేపగలదు. బేకింగ్ సోడా పొడిని జెట్‌లా కొట్టే యంత్రం మెరుపు తీసేస్తుంది. ఫ్లోరైడ్ జెల్ పెట్టేటట్టయితే ఆమ్లంతో కూడిన రకం కాకుండా న్యూట్రల్ రకం అడగండి, ఆమ్ల రకం కాంపోజిట్‌లోని గాజు రేణువులను తినేస్తుంది.

మరక రెండు రకాలని గుర్తుపెట్టుకోండి. పైభాగమంతా మసకగా, పసుపుగా మారితే పాలిష్‌తో పోతుంది, పావుగంట పని. అతుకు దగ్గర సన్నటి గోధుమ గీతగా ఉంటే అక్కడ పట్టు సడలి రంగు లోపలికి దిగుతోందని అర్థం. గీత పైపైనే ఉంటే ఆ కాస్త చెక్కి మళ్లీ పూస్తారు. గీతతో పాటు చల్లటి నీళ్లు తగిలితే జివ్వుమన్నా, ఫ్లాస్ పోగులు లేస్తున్నా పుచ్చు మొదలై ఉండవచ్చు, వాయిదా వేయకండి.

ముక్క ఎగిరిందని మొత్తం తీసి కొత్తగా చేయాలనేం లేదు. మిగిలినది గట్టిగా ఉంటే, పాత కాంపోజిట్‌ను బర్‌తోనో సన్నటి అల్యూమినా పొడితోనో గరుకు చేసి, సైలేన్ (పాత కాంపోజిట్‌కు కొత్తది పట్టేలా చేసే ద్రవం), బాండు రాసి, పైన కొత్త పొర వేస్తారు. అయితే ఒకే చోట రెండోసారీ ఎగిరితే అతికించడం ఆపి, కొరికినప్పుడు పళ్లు ఎక్కడ తగులుతున్నాయో చూడమనండి. అక్కడ ఏదో పన్ను తగులుతూనే ఉంటుంది. విరిగిన ముక్కను ఇంట్లో ఫెవిక్విక్‌తో అంటించుకునేవారు ఉన్నారు. ఆ పొరను గీకి తీయడానికే కింద మిగిలిన మంచి ఎనామిల్ కొంత పోతుంది, ఆ పని చేయకండి.

పని పూర్తయిన రోజే వాడిన కాంపోజిట్ పేరు, షేడ్ నంబరు, తేదీ చీటీ మీద రాయించుకుని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. రెండు షేడ్లు కలిపి వాడి ఉంటే రెండూ రాయించండి. ఉద్యోగం మారి బెంగళూరుకో దుబాయ్‌కో డల్లాస్‌కో వెళ్లాక మూల విరిగితే, కొత్త డాక్టరుకు ఆ చీటీ చూపిస్తే ఆయన రంగు కోసం తడుముకోవాల్సిన పని ఉండదు.